దీర్ఘకాలిక క్రీడాశిక్షణ: ప్రణాళిక, నిర్వహణ, మూల్యాంకనం – హైదరాబాదు అనుభవం

వ్యాససంగ్రహం:

క్రీడాకారుల తయారీ ఏళ్ల తరబడి సాగే పని. ఆ కాలంలో శిక్షార్థి శరీరం మారుతుంది, శిక్షకులు మారతారు, ఒక్కోసారి ఆట నియమాలే మారతాయి. ఈ మార్పులన్నిటి మధ్య శిక్షణకు అవిచ్ఛిన్నతను ఇచ్చేది లిఖితరూపంలో ఉన్న ప్రణాళిక, దానిని ఎప్పటికప్పుడు సరిదిద్దే మూల్యాంకనం. హైదరాబాదు ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ రంగాల అనుభవాన్ని ఆధారం చేసుకొని ఈ విషయాన్ని నిరూపించడం, మన్సూరాబాద్ వంటి శివారు ప్రాంతంలోని పాఠశాల లేదా కళాశాల ఆచరించగల విధానాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: క్రీడాశిక్షణ, దీర్ఘకాలిక ప్రణాళిక, శిక్షణ భారం, మూల్యాంకనం, బ్యాడ్మింటన్, ఫుట్‌బాల్, హైదరాబాదు.

1. ప్రవేశిక:

దిల్‌సుఖ్‌నగర్ పరిసరాల్లో ‘కోచింగ్’ అన్న మాటకు స్థిరపడిన అర్థం ఒకటి ఉంది. అది పోటీపరీక్షల శిక్షణ. గ్రూప్స్, బ్యాంకు, పోలీసు ఉద్యోగాల అభ్యర్థులు ఈ పేరుతోనే ఆ వీధులకు వస్తారు. ఈ శిక్షణకు పాఠ్యాంశాలు ముందే నిర్ణయమై ఉంటాయి. ప్రతి వారం నమూనా పరీక్ష జరుగుతుంది. అసలు పరీక్షతో శిక్షణ ముగుస్తుంది.

ఎల్.బి.నగర్ సమీపంలోని మన్సూరాబాద్ కాలనీల్లో వేసవి సెలవుల్లో ఇదే మాట మరో అర్థంలో వినిపిస్తుంది. పిల్లలు ర్యాకెట్లో, బంతులో పట్టుకొని శిబిరాలకు వెళ్తారు. నగరపాలక సంస్థ ఏటా నిర్వహించే వేసవి శిక్షణ శిబిరాలు వేలాది కుటుంబాలకు క్రీడలతో తొలి పరిచయం కలిగిస్తున్నాయి. అయితే జూన్‌లో బడులు తెరవగానే ఆ పరిచయం చాలామందికి అక్కడితో ఆగిపోతుంది. క్రీడాశాస్త్రంలో ‘విపర్యయ సూత్రం’ అని ఒకటి ఉంది. సాధన ఆగితే సాధించిన సామర్థ్యం క్రమంగా తగ్గిపోతుందన్నది దాని సారం. ఏటా ఏప్రిల్‌లో మొదలై మే నెలలో ముగిసే శిక్షణ, ఏటా దాదాపు మొదటి మెట్టు నుంచే మొదలుకావలసి వస్తుంది.

పోటీపరీక్షల శిక్షణకూ క్రీడాశిక్షణకూ ఉన్న మౌలికభేదం ఇక్కడే ఉంది. పరీక్షకు సిద్ధమయ్యే అభ్యర్థి వయోజనుడు, అతని పాఠ్యప్రణాళిక స్థిరం. క్రీడాశిక్షణలో శిక్షార్థి ఎదుగుతున్న బాలుడు లేదా బాలిక, లక్ష్యం ఎనిమిది, పదేళ్ల దూరంలో ఉంటుంది. అందువల్ల పరీక్షల నమూనాను యథాతథంగా మైదానానికి తెస్తే శిక్షణ గాడి తప్పుతుంది.

2. హైదరాబాదు పూర్వానుభవం – రహీం:

దీర్ఘకాలిక శిక్షణ అన్న భావన హైదరాబాదుకు కొత్త కాదు. ఉపాధ్యాయవృత్తి నుంచి ఫుట్‌బాల్ శిక్షణకు వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మళ్లీ స్వర్ణం గెలిచింది.

ఈ విజయాల మధ్య ఉన్న కాలవ్యవధి గమనించదగినది. 1951 నుంచి 1962 వరకు పదకొండేళ్లు. ఇంతకాలంలో ఏ జట్టులోనైనా ఆటగాళ్లు దాదాపు పూర్తిగా మారిపోతారు. మారుతున్న ఆటగాళ్లతో స్థాయిని నిలబెట్టడానికి ఒకే జట్టును సిద్ధం చేయడం చాలదు, జట్లను తయారుచేసే పద్ధతి కావాలి. రహీం వద్ద ఆ పద్ధతి ఉండేది. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలన్న నియమంతో యువకులకు పోటీలు పెట్టడం ఆయన పద్ధతుల్లో ఒకటిగా ప్రసిద్ధం. ఇది ఒక మ్యాచ్ గెలవడానికి ఉపకరించే అభ్యాసం కాదు. కొన్నేళ్ల తరువాత ఆటగాడికి అవసరమయ్యే నైపుణ్యం కోసం ఇప్పటి సౌకర్యాన్ని వదులుకోవడం. దీర్ఘకాలిక శిక్షణ స్వభావాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

1963లో రహీం మరణించారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కిన పతకం 1970 బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యం ఒక్కటే. ఈ క్షీణతకు కారణాలు అనేకం. ఆసియాలోని ఇతర దేశాలు త్వరితగతిన ఎదగడం వాటిలో ముఖ్యమైనది. ఏ ఒక్క వ్యక్తి నిష్క్రమణకో దానిని పూర్తిగా ఆపాదించడం సరికాదు. అయినా శిక్షణశాస్త్రం దృష్టితో ఒక ప్రశ్న మిగులుతుంది: శిక్షకుని అనుభవంలో ఉన్న పద్ధతి ఆయన తరువాత ఎవరి చేతికి, ఏ రూపంలో అందుతుంది?

3. బ్యాడ్మింటన్ – శిక్షకుల పరంపర:

ఈ ప్రశ్నకు హైదరాబాదు బ్యాడ్మింటన్ కొంత సమాధానం ఇస్తుంది. ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఎస్.ఎం. ఆరిఫ్ వద్ద శిక్షణ పొందిన పుల్లెల గోపీచంద్, ఆ తరువాత బెంగళూరులో ప్రకాశ్ పదుకొణె అకాడమీలోనూ సాధన చేశారు. 1994లో మోకాలికి తీవ్రగాయమైనా కోలుకొని, 2001 మార్చిలో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15–12, 15–6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యారు. 1980లో ప్రకాశ్ పదుకొణె తరువాత ఆ బిరుదు గెలిచిన రెండో భారతీయుడు ఆయనే. 2008లో గచ్చిబౌలిలో ఆయన అకాడమీ ప్రారంభమైంది.

ఆ అకాడమీతో అనుబంధం ఉన్న ఇద్దరు క్రీడాకారిణుల ప్రస్థానం కాలక్రమంలో పరిశీలించదగినది. సైనా నెహ్వాల్ లాల్ బహదూర్ స్టేడియంలో నాని ప్రసాద్ వద్ద ఓనమాలు దిద్దుకొన్నారు. తరువాత ఆరిఫ్ వద్ద, అనంతరం గోపీచంద్ వద్ద శిక్షణ పొందారు. 2008లో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. 2014లో బెంగళూరులో విమల్ కుమార్ వద్దకు వెళ్లి, 2015లో ప్రపంచ ప్రథమ స్థానానికి చేరారు. 2017లో తిరిగి గోపీచంద్ వద్దకు వచ్చారు.

పి.వి. సింధు ఎనిమిదేళ్ల వయసులో ర్యాకెట్ పట్టారు. సికింద్రాబాద్‌లోని రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్ సంస్థ ప్రాంగణంలో మహబూబ్ అలీ వద్ద ప్రాథమికాంశాలు నేర్చుకొని, తరువాత గోపీచంద్ శిక్షణలోకి వచ్చారు. సాధన కోసం ఆమె రోజుకు యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించేవారని పత్రికలు రాశాయి. 2016 రియోలో రజతం, 2019 బాసెల్‌లో ప్రపంచ విజేత స్థానం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం ఆమెకు దక్కాయి. బాసెల్ విజయం నాటికి దక్షిణ కొరియాకు చెందిన కిమ్ జి హ్యున్, టోక్యో నాటికి పార్క్ తే సాంగ్ ఆమె శిక్షణలో పాలుపంచుకొన్నారు.

రెండు ప్రస్థానాల్లోనూ కనిపించే సమానాంశం శిక్షకుల మార్పు. తొలి పాఠానికీ తొలి ఒలింపిక్ పతకానికీ మధ్య పన్నెండేళ్లకు అటూ ఇటూగా కాలం గడిచింది. ఇంతకాలం ఒక్క శిక్షకుని వద్దే ఉండటం అరుదు. పైగా 2006లో బ్యాడ్మింటన్ పాయింట్ల విధానమే మారింది. సర్వీసు చేసినవారికే పాయింటు దక్కే పద్ధతి పోయి, ప్రతి ర్యాలీకీ పాయింటు లభించే 21 పాయింట్ల పద్ధతి వచ్చింది. అంతకుముందే ఆట మొదలుపెట్టిన పిల్లల సాధనను కొత్త నియమానికి అనుగుణంగా మలచుకోవలసి వచ్చింది. దీర్ఘకాలిక ప్రణాళికలో చివరిదాకా కొనసాగేది శిక్షార్థి ఒక్కరే అని దీనివల్ల అవగతమవుతుంది. కాబట్టి ప్రణాళిక శిక్షార్థిని అనుసరించాలి, శిక్షకుణ్ణి కాదు.

4. ప్రణాళిక – చక్రాలు, దశలు:

శిక్షణకాలాన్ని విభజించి భారాన్ని పెంచుతూ, తగ్గిస్తూ సాగే పద్ధతిని 1960లలో సోవియట్ శాస్త్రవేత్త లెవ్ మాత్వేయెవ్ సిద్ధాంతీకరించారు. తరువాత తుదోర్ బొంపా దీనిని విస్తృత ప్రచారంలోకి తెచ్చారు. ఈ పద్ధతిలో మూడు చక్రాలు ఉంటాయి. ఒక సంవత్సరం లేదా ఒక పోటీల రుతువును ‘బృహత్ చక్రం’ అనవచ్చు. అందులో కొన్ని వారాల ‘మధ్యమ చక్రాలు’, వాటిలో వారం రోజుల ‘సూక్ష్మ చక్రాలు’ ఇమిడి ఉంటాయి. సాధన శరీరాన్ని అలసటకు గురిచేస్తుంది, విశ్రాంతిలోనే శరీరం బలం పుంజుకొంటుంది. అందుకే విశ్రాంతి ఈ పద్ధతిలో ప్రణాళిక వెలుపలి విషయం కాదు, దానిలోని అంతర్భాగం.

ఈ చక్రాలు ప్రధానంగా ఎదిగిన క్రీడాకారులను దృష్టిలో ఉంచుకొన్నవి. పిల్లల విషయంలో వీటికంటే విస్తృతమైన చట్రం అవసరం. 1990లలో ఇస్త్వాన్ బాల్యి ప్రతిపాదించిన దీర్ఘకాలిక క్రీడాకార వికాస నమూనా ఆ అవసరాన్ని తీర్చింది. పుట్టినతేదీ కంటే శరీర వికాసాన్ని ప్రాతిపదికగా తీసుకోవాలన్నది ఆ నమూనాలోని ముఖ్యాంశం. ఎత్తు వేగంగా పెరిగే ఘట్టం ఆడపిల్లల్లో సగటున 12 ఏళ్లకు, మగపిల్లల్లో 14 ఏళ్లకు వస్తుంది. వ్యక్తిని బట్టి ఇది ఒకటి రెండేళ్లు ముందువెనుకలవుతుంది. ఆ సమయంలో ఎముకలు పెరిగినంత వేగంగా కండరాలు, స్నాయువులు సర్దుకోలేవు. అంతకుముందు చక్కగా కుదిరిన అడుగులు తడబడతాయి, మోకాలి దిగువన నొప్పి కనిపించవచ్చు. ఈ తడబాటును అశ్రద్ధగా భావించి సాధన పెంచడం శిక్షకులు చేసే సాధారణమైన పొరపాటు. ఆ నమూనాలోని కొన్ని అంశాలపై, ముఖ్యంగా ఫలానా వయసులోనే ఫలానా సామర్థ్యం పెరుగుతుందన్న వాదనపై, శాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేదు. అయినా శిక్షణను వికాసదశకు తగినట్లు మలచాలన్న మూలసూత్రం ఉపయుక్తమైనదే.

ఉదాహరణకు, మన్సూరాబాద్‌లో ఒక పాఠశాల తొమ్మిదేళ్ల బాలికకు బ్యాడ్మింటన్ శిక్షణ ప్రారంభించిందని భావిస్తే, ప్రణాళిక స్థూలంగా ఈ విధంగా ఉండవచ్చు.

మొదటి దశ (9–11 ఏళ్లు): పరుగు, దూకడం, విసరడం, సమతుల్యత వంటి మౌలిక చలనాలు. వారానికి రెండు రోజులు బ్యాడ్మింటన్, మిగిలిన రోజుల్లో ఖోఖో, కబడ్డీ వంటి ఆటలు. దిశ మార్చుకొంటూ పరుగెత్తడం, వంగి అందుకోవడం ఖోఖోలో సహజంగా అలవడతాయి.

రెండో దశ (11–14 ఏళ్లు): ర్యాకెట్ పట్టు, కోర్టు ఆరు మూలలకు చేరే అడుగుల క్రమం, ప్రధానమైన కొట్టుడు విధానాలు. పోటీలు పరిమితం. మూడు నెలలకొకసారి ఎత్తు నమోదు.

మూడో దశ (14–16 ఏళ్లు): బలం, ఓర్పు క్రమవృద్ధి. ఒకదాని వెంట ఒకటిగా షటిళ్లు అందించే అభ్యాసం. పోటీలను ఎంపిక చేసుకొని ఆడటం.

నాలుగో దశ (16–18 ఏళ్లు): ఆటతీరును బట్టి వ్యక్తిగత ప్రణాళిక. పోటీల రుతువు ఆధారంగా వార్షిక చక్రాలు.

ఈ ప్రణాళికను విద్యాసంవత్సరంతో సమన్వయం చేయడం స్థానికంగా అత్యంత ముఖ్యం. దసరా, సంక్రాంతి సెలవుల్లో సాధనకు సమయం ఎక్కువ దొరుకుతుంది. మార్చిలో వార్షిక పరీక్షలు ఉంటాయి. పదో తరగతి ఏడాది అనేక కుటుంబాల్లో ఆటకు ముగింపు పలికే ఏడాది. తరువాతి ఇంటర్మీడియట్ చదువు మైదానం లేని భవనాల్లో సాగడం నగర శివార్లలో సాధారణం. ఈ రెండు మూడేళ్లు మూడో దశతోనూ నాలుగో దశ ఆరంభంతోనూ కలుస్తాయి. ఆ కాలానికి సాధనను పూర్తిగా ఆపకుండా, వారానికి రెండు లేదా మూడు గంటలకు తగ్గించిన ‘సంరక్షణ ప్రణాళిక’ను ముందే రాసి తల్లిదండ్రులకు చూపగలిగితే, ‘చదువా, ఆటా’ అన్న ద్వంద్వానికి మూడో మార్గం ఏర్పడుతుంది. సామర్థ్యాన్ని పెంచడానికి కావలసినదానికంటే, ఉన్నదానిని నిలుపుకోవడానికి తక్కువ సాధన చాలునన్నది క్రీడాశాస్త్రం అంగీకరించిన విషయం.

5. నిర్వహణ – భారాన్ని కొలవడం:

ప్రణాళిక కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా మైదానంలో శిక్షార్థి అనుభవించే భారం వేరుగా ఉండవచ్చు. దానిని కొలవడానికి ఖరీదైన పరికరాలు తప్పనిసరి కాదు. అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటి ఉంది. సాధన ముగిశాక అది ఎంత కష్టంగా అనిపించిందో శిక్షార్థి సున్నా నుంచి పది వరకు ఒక అంకెగా చెబుతారు. ఆ అంకెను సాధన నిమిషాలతో గుణిస్తే ఆ రోజు భారం వస్తుంది.

ఒక వారంలో సోమవారం 60 నిమిషాలు, కష్టం 5 అయితే భారం 300. బుధవారం 75 నిమిషాలు, కష్టం 6 అయితే 450. శుక్రవారం 60 నిమిషాలు, కష్టం 4 అయితే 240. శనివారం 90 నిమిషాలు, కష్టం 7 అయితే 630. వారం మొత్తం 1620. మరుసటి వారం పాఠశాల పోటీల పేరిట ఇది ఒక్కసారిగా రెట్టింపైతే శిక్షకుడు జాగ్రత్తపడాలి. ఏ మేరకు పెరిగితే గాయమవుతుందో చెప్పే కచ్చితమైన హద్దు లేదు. ఆకస్మికమైన పెరుగుదలను ముందే పసిగట్టడమే ఈ లెక్క ప్రయోజనం. ఒకే సాధనకు శిక్షకుడు 5 అనుకొన్నచోట శిక్షార్థి 8 అని చెబితే, ఆ తేడా కూడా విలువైన సమాచారమే. నిద్ర చాలకపోవడం, ఇంట్లో సమస్య, రాబోయే జ్వరం ఇలా అంకెల రూపంలో బయటపడవచ్చు.

దూరం కూడా భారమే. అంతర్జాతీయ స్థాయి బ్యాడ్మింటన్ వసతులు నగరానికి పడమర దిక్కున గచ్చిబౌలిలో ఉన్నాయి. మన్సూరాబాద్ తూర్పు దిక్కున ఉంది. అకాడమీ సాధన తెల్లవారుజామున మొదలవుతుంది. ఆ వేళకు నగరం ఈ కొస నుంచి ఆ కొసకు చేరడం ప్రతి కుటుంబానికీ సాధ్యం కాదు. కనుక మొదటి రెండు దశలు ఇంటికి దగ్గరలోనే, అంటే పాఠశాల ఆవరణలోనో సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం వంటి చోటనో పూర్తికావాలి. దూరప్రయాణం మూడో దశ తరువాతే సమంజసం. శివారు శిక్షకుని పని పెద్ద అకాడమీకి ప్రత్యామ్నాయం కావడం కాదు. సింధుకు మహబూబ్ అలీ, సైనాకు నాని ప్రసాద్ వేసినటువంటి పునాదిని సమీపంలోనే అందించడం.

6. మూల్యాంకనం – పతకానికి ముందు, పతకానికి తరువాత:

బాలల క్రీడల్లో మూల్యాంకనం తరచు పతకాల లెక్కగా కుదించుకుపోతుంది. పన్నెండేళ్ల లోపు పోటీల్లో ముందుగా ఎదిగిన పిల్లలు, ఒకే వయోవిభాగంలో మొదటి నెలల్లో పుట్టిన పిల్లలు గెలిచే అవకాశం ఎక్కువ. దీనినే ‘సాపేక్ష వయోప్రభావం’ అంటారు. అప్పటి పతకం శరీరం త్వరగా ఎదిగిందని చెబుతుందే తప్ప శిక్షణ మంచిదని చెప్పదు. ఆ లెక్కతో వెనుకబడినవారిని వదిలేస్తే ఆలస్యంగా వికసించే ప్రతిభ చేజారుతుంది.

ఓటమిని కూడా మూల్యాంకన సామగ్రిగా ఎలా చూడవచ్చో సింధు ఆడిన రెండు ఫైనల్స్ తెలుపుతాయి. 2017లో గ్లాస్గో ప్రపంచ పోటీల ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహారా చేతిలో ఆమె 19–21, 22–20, 20–22తో ఓడిపోయారు. ఆ ఆట 110 నిమిషాలు సాగింది. 2019లో బాసెల్‌లో అదే ప్రత్యర్థిపై 21–7, 21–7తో గెలిచారు. మొదటి ఫలితాన్ని పతకం రంగుతో మాత్రమే కొలిస్తే అది వైఫల్యం. రెండు పాయింట్ల తేడాతో ముగిసిన 110 నిమిషాల ఆటగా చూస్తే, దానిలో ఏది నిలబడిందో, ఏది చివర్లో సడలిందో వెతకడానికి అవకాశం ఉంది. మధ్యలో 2018లోనూ ఆమెకు ప్రపంచ పోటీల్లో రజతమే వచ్చింది. ఆ రెండేళ్లలో ఏ ఏడాది వద్ద ఆగి తీర్పు చెప్పినా అది అసంపూర్ణమయ్యేది.

పాఠశాల, కళాశాల స్థాయిలో ఆరు నెలలకొకసారి ఈ నాలుగు ప్రశ్నలతో మూల్యాంకనం చేయవచ్చు.

1. నైపుణ్యం: నిర్ణీత అభ్యాసంలో పదింటికి ఎన్ని షటిళ్లు గుర్తించిన చోట పడుతున్నాయి? గత ఆరు నెలలతో పోలిస్తే మార్పు ఏమిటి?

2. శరీరం: ఎత్తు, పరుగువేగం, దూకే ఎత్తు, ఓర్పు ఎలా మారాయి? ఈ పోలిక శిక్షార్థికి తనతోనే, ఇతరులతో కాదు.

3. ఆరోగ్యం: నొప్పి లేదా గాయం వల్ల ఎన్ని సాధన దినాలు పోయాయి?

4. నిలకడ: మూడేళ్ల క్రితం చేరినవారిలో ఇప్పటికీ ఎందరు ఆడుతున్నారు? మానేసినవారు ఎందుకు మానేశారు?

మొదటి మూడు శిక్షార్థిని కొలుస్తాయి. నాలుగోది శిక్షణనే కొలుస్తుంది. ముప్పైమందితో మొదలై మూడేళ్లకు ఇద్దరే మిగిలిన కార్యక్రమం ఆ ఇద్దరి పతకాలతో తన లోపాన్ని కప్పిపుచ్చుకోగలదు. మిగిలిన ఇరవై ఎనిమిదిమంది కథ కూడా నమోదైతేనే ప్రణాళికను సరిదిద్దడం సాధ్యమవుతుంది. వారిలో అధికులు అంతర్జాతీయ స్థాయికి చేరకపోవచ్చు. ఆటను జీవితాంతం ఆరోగ్యసాధనంగా నిలుపుకోవడం కూడా ఆ కార్యక్రమ ఫలితమే.

7. ముగింపు:

దీర్ఘకాలిక క్రీడాశిక్షణలో ప్రణాళిక, నిర్వహణ, మూల్యాంకనం వేర్వేరు అంచెలు కావు. మూల్యాంకనం తిరిగి ప్రణాళికను సవరిస్తుంది, సవరించిన ప్రణాళిక మళ్లీ మైదానంలో పరీక్షకు నిలుస్తుంది. ఈ వలయం శిక్షకుని జ్ఞాపకంలో మాత్రమే ఉంటే, ఆయన బదిలీతోనో పదవీ విరమణతోనో తెగిపోతుంది. రహీం అనంతర ఫుట్‌బాల్ ఈ ప్రశ్నను మన ముందు ఉంచింది. ఆరిఫ్ నుంచి గోపీచంద్‌కు, అక్కడి నుంచి తరువాతి తరానికి సాగిన బ్యాడ్మింటన్ పరంపర దానికి ఒక సమాధానం చూపింది. అయితే ప్రతి పాఠశాలకూ అలాంటి గురుపరంపర లభించదు.

లభించనిచోట ఆ పని ఒక సాధన పుస్తకం చేయగలదు. అందులో ఎత్తు, వారపు భారం, గాయాల వివరం, ఆరు నెలల మూల్యాంకనం ఉండాలి. ఆ పుస్తకం సంస్థ బీరువాలో మిగిలిపోకుండా శిక్షార్థి వెంట పాఠశాల నుంచి కళాశాలకు, ఒక శిక్షకుని నుంచి మరొకరికి వెళ్లాలి. మన్సూరాబాద్‌లో తొమ్మిదేళ్లకు ర్యాకెట్ పట్టిన బాలిక పదిహేనేళ్లకు మరో మైదానానికి వెళ్లినప్పుడు, అక్కడి శిక్షకుడు ఆ పుస్తకం తెరిచి చూస్తే ఆమె శిక్షణ ఏడో ఏటిలో కొనసాగుతుంది. పుస్తకం లేకపోతే మళ్లీ మొదటి రోజు నుంచే మొదలవుతుంది.